గంజాయి ప్రశ్నకు ఉన్నదున్నట్టు రాశాను: సెక్యూరిటీ క్లియరెన్స్ విషయంలో నా అనుభవం

కొలరాడో రాష్ట్రంలో ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్లు గుర్తింపు కార్డు చూపించి దుకాణంలో గంజాయి కొనుక్కోవచ్చు. 2012లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి దీనికి అనుమతి ఇచ్చారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. అదే రాష్ట్రంలో, డెన్వర్‌ను ఆనుకుని ఉన్న అరోరాలో బక్లీ స్పేస్ ఫోర్స్ బేస్ ఉంది, దక్షిణాన కొలరాడో స్ప్రింగ్స్ వైపు పీటర్సన్, ష్రీవర్ బేస్‌లు ఉన్నాయి, వాటి చుట్టూ రక్షణ శాఖకు పనిచేసే కాంట్రాక్టు కంపెనీలు ఉన్నాయి. ఆ కంపెనీల్లో చాలా ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి, కావాలి. క్లియరెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. ఫెడరల్ చట్టం 1970లో గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత కఠిన నియంత్రణ ఉండే షెడ్యూల్ 1 జాబితాలో చేర్చింది. రాష్ట్రం సరేనన్న పనిని ఫెడరల్ ఫారంలో ఎలా చెప్పుకోవాలో నేను నేరుగా అనుభవించి తెలుసుకున్నాను. మనవాళ్ల మధ్య ఈ విషయమై చెవుల్లో చెప్పుకునే సలహాల్లో తప్పులు ఎక్కువగా ఉన్నాయి, కొన్నయితే మనిషిని జైలు దాకా తీసుకుపోగలవు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి. 2001లో అమెరికా వచ్చాను, 2014లో పౌరసత్వం తీసుకున్నాను. వృత్తి డేటాబేస్ పని. ఈ సంవత్సరాలను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది, చివర్లో చెబుతాను. 2020 శీతాకాలంలో నడుము కింది భాగంలో డిస్క్ జారి నరాన్ని నొక్కింది. పగలు ఎలాగో గడిచేది గానీ రాత్రి పడుకుంటే ఎడమ కాలు తుంటి నుంచి మడమ దాకా జివ్వుమని లాగేది. ఆ రోజుల్లో కోవిడ్ కారణంగా ఫిజియోథెరపీ అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టంగా ఉండేది, డాక్టర్ రాసిన మాత్రలకు కడుపు మండిపోయేది. ఆఫీసులో నాకంటే పెద్దావిడ ఒకరు తాను కీళ్ల నొప్పులకు రాత్రిపూట గంజాయి గమ్మీ తీసుకుంటానని చెప్పారు. మా వారితో మాట్లాడుకుని, ఇద్దరం కలిసి వెళ్లి లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్నాం.

అది పంచదార అద్దిన చిన్న మిఠాయి ముక్క. ప్రతి ముక్క మీదా వజ్రం ఆకారంలో ఒక ముద్ర, దానిలో ఆశ్చర్యార్థక చిహ్నం, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) అన్న అక్షరాలు అచ్చొత్తి ఉంటాయి. పిల్లలు తెరవలేకుండా డబ్బా మూతను గట్టిగా కిందికి నొక్కి తిప్పాలి. టీహెచ్‌సీ ఒక ముక్కలో 10 మిల్లీగ్రాములు, డబ్బా మొత్తంలో 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది రాష్ట్ర నియమం. నేను ముక్కను సగానికి కోసుకుని, నొప్పి భరించలేని రాత్రుల్లో మాత్రమే తీసుకునేదాన్ని. వారానికి ఒకటి రెండు రాత్రులు, కొన్ని వారాలు అసలు లేదు. 2021 వేసవిలో వెన్నులోకి ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి సర్దుకుంది, గమ్మీలు మానేశాను. అప్పటికి నాకు క్లియరెన్స్ అన్న మాటే తెలియదు.

మరుసటి ఏడాది ఒక రక్షణ కాంట్రాక్టు సంస్థ నుంచి ఉద్యోగం వచ్చింది. షరతు ఒక్కటే: సీక్రెట్ స్థాయి క్లియరెన్స్ రావాలి. దీనికి మనంతట మనం దరఖాస్తు చేసుకునే వీలు లేదు. ఉద్యోగం ఇచ్చే సంస్థ స్పాన్సర్ చేయాలి, ఆ సంస్థలో ఎఫ్‌ఎస్‌ఓ అని పిలిచే భద్రతాధికారి మనకు ఫారం తెరిచి ఇవ్వాలి. ఆ ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. అందులో పదేళ్ల చిరునామాలు, పదేళ్ల ఉద్యోగాలు, విదేశీ ప్రయాణాలు, తల్లిదండ్రుల నుంచి అత్తమామల దాకా బంధువుల పుట్టిన తేదీలు, ఊళ్లు అడుగుతారు. తెనాలిలో మా అమ్మ, ఖమ్మంలో మా అత్తగారు, వాళ్ల తేదీలు సేకరించడానికి పట్టిన సమయం ఇంకో కథ. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ ఫారంలోని 23వ విభాగం గురించి.

ఆ విభాగం మొదట్లోనే ఒక వాక్యం ఉంటుంది. ఈ ప్రశ్నలు ఫెడరల్ చట్టం ప్రకారం అడుగుతున్నవి, రాష్ట్ర చట్టం అనుమతించినా సరే జవాబు చెప్పాలి అన్నది దాని భావం. కొలరాడోలో చట్టబద్ధం కదా, ఇది అక్రమ వాడకం కిందికి రాదు కదా అని వాదించుకోవడానికి ఆ వాక్యం చోటు ఇవ్వదు. గత ఏడేళ్లలో ఏదైనా మాదకద్రవ్యాన్ని చట్టవిరుద్ధంగా వాడారా అన్నది మొదటి ప్రశ్న. దీనికి అవునని రాయాలని నాకు అప్పటికే అర్థమైంది. రెండో ప్రశ్నను మాత్రం చాలామంది గమనించరు. గత ఏడేళ్లలో మాదకద్రవ్యాల కొనుగోలు, సాగు, రవాణా, చేరవేత, అమ్మకాల్లో పాల్గొన్నారా అని విడిగా అడుగుతారు. పన్ను కట్టి, బిల్లు తీసుకుని, కెమెరాల ఎదుట నిలబడి కొన్న కొనుగోలు కూడా ఫెడరల్ చట్టం దృష్టిలో అక్రమ కొనుగోలే. అందుకని అక్కడా అవుననే రాశాను. మొదటి ప్రశ్నకు అవునని, రెండో ప్రశ్నకు కాదని రాసేవాళ్లను తర్వాత ఇంటర్వ్యూలో, మరి మీకు ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

రాయడానికి ముందు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఈ రంగంలో చాన్నాళ్లుగా ఉన్న మా ఊరి వైపు అన్నయ్య ఒకాయన నా మేలు కోరే, "అమ్మా, నగదు ఇచ్చి కొన్నావు, ఎక్కడా నీ పేరు లేదు, నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. చేతులారా కాగితం మీద పెట్టుకోవద్దు" అన్నారు. ఆయన మాటలో ఒక వాస్తవం ఉంది. గంజాయి దుకాణాలకు ఫెడరల్ నియంత్రణలో ఉన్న బ్యాంకులు దూరంగా ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువగా నగదే నడుస్తుంది. అయినా ఆ సలహా తప్పు. ఎస్‌ఎఫ్-86 మీద తెలిసి అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. గమ్మీ తిన్నందుకు నా మీద ఎవరూ కేసు పెట్టరు. పైగా ఈ విభాగంలో నిజాయితీగా చెప్పిన జవాబులను తర్వాతి క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఫారంలోనే రాసి ఉంది. ఉద్యోగ నిర్ణయానికి మాత్రం వాడతారు. అంటే, నిజం చెబితే పోయేది మహా అయితే ఈ ఉద్యోగం, అబద్ధం చెబితే పోయేది అంతకంటే చాలా ఎక్కువ. పైగా కొనడానికి మా వారు నాతో వచ్చారు, గమ్మీల సంగతి చెప్పినావిడ నా పాత ఆఫీసులోనే ఉన్నారు. నేను ఇచ్చిన పేర్లతో మొదలుపెట్టి ఇన్వెస్టిగేటర్ ఇంకెవరెవరితో మాట్లాడతారో మన చేతిలో ఉండదు.

ఇక్కడ నిబంధనల స్వరూపం కొంత చెప్పాలి. క్లియరెన్స్ అర్హతను 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న జాతీయ భద్రతా మార్గదర్శకాల ప్రకారం తేలుస్తారు. ఎ నుంచి ఎమ్ దాకా అవి పదమూడు. మాదకద్రవ్యాల సంగతి గైడ్‌లైన్ హెచ్ చూస్తుంది, నిజాయితీ సంగతి గైడ్‌లైన్ ఇ చూస్తుంది. నేను అర్థం చేసుకున్నంతలో, ఎప్పుడో వాడి మానేసిన మనిషికి గైడ్‌లైన్ హెచ్‌లో దారి ఉంది. దాచిన మనిషి గైడ్‌లైన్ ఇ కిందికి వస్తాడు, అక్కడి నుంచి బయటపడటం చాలా కష్టం. రక్షణ శాఖ కాంట్రాక్టర్ల కేసులను విచారించే డోహా అనే సంస్థ తన తీర్పులను పేర్లు తీసేసి ప్రజలందరికీ చదవడానికి పెడుతుంది. ఫారం సంతకం చేసే ముందు రాత్రుళ్లు కూర్చుని వాటిని చదివాను. న్యాయవాదులకు డబ్బు కట్టే ముందు ఎవరైనా చేయదగ్గ పని అదేనని నా అభిప్రాయం. ఒక్కో తీర్పులో ఒక మనిషి జీవితం, దాన్ని న్యాయమూర్తి తూచిన తీరు వరుసగా కనిపిస్తాయి. ఓడిపోయినవాళ్లలో ఎక్కువగా కనిపించినది మూడు రకాలవాళ్లు: ఫారం మీద సంతకం చేశాక కూడా వాడినవాళ్లు, క్లియరెన్స్ చేతిలో ఉండగా వాడినవాళ్లు, ముందు లేదని రాసి తర్వాత ఒప్పుకున్నవాళ్లు. కాలేజీ రోజుల్లో ఎన్నోసార్లు వాడి, ఆపేసి, అంతా చెప్పినవాళ్లు గెలిచిన తీర్పులు కూడా చదివాను.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మానేసి ఎన్నాళ్లయితే సరిపోతుంది? మార్గదర్శకాల్లో ఫలానా నెలలు అన్న అంకె లేదు. ఏడాది అన్న మాట జనంలో బాగా తిరుగుతుంది. ఉద్యోగంలో చేర్చుకోవడానికి ఎఫ్‌బీఐ 2021లో పెట్టుకున్న గడువు అది, క్లియరెన్స్ నియమం కాదు. ఎంత కాలం క్రితం, ఎంత తరచుగా, ఏ పరిస్థితుల్లో, మళ్లీ జరిగే అవకాశం ఎంత అన్నవి కలిపి చూస్తారు. 2021 డిసెంబరులో అప్పటి జాతీయ నిఘా విభాగాధిపతి ఎవ్రిల్ హెయిన్స్ విడుదల చేసిన ఉత్తర్వు నా కేసుకు బలమిచ్చింది. గతంలో సరదాకు వాడిన గంజాయిని పరిగణనలోకి తీసుకోవచ్చు గానీ ఆ ఒక్క కారణంతోనే నిర్ణయం చేయరాదని అందులో స్పష్టంగా ఉంది. క్లియరెన్స్ ప్రక్రియ మొదలయ్యాక, అంటే ఎస్‌ఎఫ్-86 మీద సంతకం చేసిన క్షణం నుంచి, ఇక వాడవద్దని అభ్యర్థులకు చెప్పాలని కూడా ఆ ఉత్తర్వు సంస్థలను ప్రోత్సహించింది. ఇప్పుడు వాడుతున్నవాళ్లకు మాత్రం ఏ వెసులుబాటూ లేదు. 2008లో వచ్చిన బాండ్ సవరణ ప్రకారం మాదకద్రవ్యాన్ని చట్టవిరుద్ధంగా వాడుతున్న వ్యక్తికి క్లియరెన్స్ ఇవ్వకూడదు.

23వ విభాగంలో అవునని నొక్కగానే కొత్త గడులు తెరుచుకుంటాయి. ఏ మాదకద్రవ్యం, మొదట ఏ నెల ఏ సంవత్సరం, చివరగా ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎలా. తేదీ తెలియకపోతే అంచనా అని గుర్తు పెట్టవచ్చు. నేను గుర్తున్నంత రాసి వదిలేయకుండా కాగితాలు తిరగేశాను. దుకాణంలో తలుపు పక్కనే ఏటీఎం ఉండేది, అందరూ అక్కడే నగదు తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లేవారు. ఆ ఏటీఎం పేరుతో, చివర వింత చిల్లర ఫీజుతో, మా బ్యాంకు స్టేట్‌మెంట్లో వరుసలు ఉన్నాయి. వాటిని చూసి మొదటి నెల తేలింది. వెన్ను ఇంజెక్షన్ తాలూకు ఆస్పత్రి బిల్లు చూసి చివరి నెల తేలింది. సంఖ్య విషయంలో తక్కువ చేసి రాయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. నెలకు ఎన్ని రాత్రులు ఉండవచ్చో మా వారితో కూర్చుని లెక్కవేసి, ఎక్కువ వైపు అంకెనే రాసి, వివరణ గడిలో ఆ లెక్క ఎలా కట్టానో కూడా చెప్పాను. ఇంటర్వ్యూలో ఇదే నాకు అండగా నిలిచింది, ఎందుకంటే నోటితో చెప్పినదీ ఫారంలో రాసినదీ ఎక్కడా తేడా రాలేదు.

ఆ గడుల్లో చివరిది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది, భవిష్యత్తులో మళ్లీ వాడే ఉద్దేశం ఉందా, ఎందుకు అన్న ప్రశ్న. "చట్టబద్ధమైతే వాడతానేమో" అనో, "నొప్పి మళ్లీ వస్తే చూడాలి" అనో రాయాలనిపిస్తుంది, అది మనసులో మాటే కావచ్చు కూడా. కానీ వాడకం కొనసాగించే ఉద్దేశాన్ని వెల్లడించడం గైడ్‌లైన్ హెచ్‌లో విడిగా పేర్కొన్న ఒక అభ్యంతరం. కాబట్టి అక్కడ రాసే ముందు మనతో మనం నిజంగా తేల్చుకోవాలి. నా డిస్క్ పూర్తిగా నయమయ్యేది కాదు, నొప్పి తిరగబెట్టవచ్చు. అప్పుడు ఏం చేస్తాను? డాక్టరును అడిగి ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ, తప్పకపోతే ఆపరేషన్ అని ఒక పద్ధతి రాయించుకున్నాను. ఆ తర్వాతే ఉద్దేశం లేదని రాసి, కారణం కింద ఆ చికిత్సా పద్ధతిని వివరించాను. ఊరికే ఇక వాడను అని ఒక్క ముక్కలో తేల్చడం కంటే నొప్పి వస్తే ఏం చేస్తానో చెప్పడం నాకు సబబుగా తోచింది.

గంజాయికి దగ్గరగా ఉండి మన దృష్టికి రాని మరి కొన్ని విషయాలు ఇక్కడే చెబుతాను. నేను గమ్మీలు మానేశాక నడుముకు సీబీడీ (గంజాయి జాతి మొక్కలో ఉండే, మత్తు ఇవ్వని పదార్థం) నూనె రాసుకునేదాన్ని. 2018 వ్యవసాయ చట్టం ప్రకారం టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని హెంప్ (మత్తు పదార్థం చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) ఉత్పత్తులు మాదకద్రవ్యాల జాబితాలోంచి బయటికి వచ్చాయి. అయితే సీసా మీద రాసిన శాతాన్ని ప్రభుత్వం ధ్రువీకరించదని, అలాంటివి వాడితే పరీక్షలో దొరికే అవకాశం ఉందని హెయిన్స్ ఉత్తర్వే హెచ్చరించింది. ఉద్యోగానికి ముందు మూత్ర పరీక్ష ఉంటుంది. ఫెడరల్ పద్ధతిలో గంజాయి అవశేషం మొదటి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, ధ్రువీకరణ పరీక్షలో 15 నానోగ్రాములు హద్దు. పరీక్షలో దొరికాక అది నూనె వల్లే అని నిరూపించుకునే బాధ మనదే అవుతుంది కాబట్టి ఆ సీసాను పారేశాను. రెండోది, షేర్లు. గంజాయి పండించే, అమ్మే కంపెనీలలో తెలిసి నేరుగా పెట్టుబడి పెట్టడం కూడా ప్రశ్నలకు తావిస్తుంది. మ్యూచువల్ ఫండ్ ద్వారా తెలియకుండా వచ్చినది వేరు. కెనడా గంజాయి కంపెనీల షేర్లు ఎగిసిపడిన రోజుల్లో మా వారు మా ఉమ్మడి ఖాతాలో కొన్ని కొన్నారు. అవి అమ్మేశాం. మూడోది, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు. భార్యకు రాసిన నొప్పి మాత్రను భర్త, అన్నకు రాసినదాన్ని తమ్ముడు వేసుకోవడం మన ఇళ్లలో మామూలు. డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులను అలా తెలిసి దుర్వినియోగం చేశారా అని కూడా అదే 23వ విభాగం అడుగుతుంది.

ఫారం పంపాక ముందుగా వచ్చిన కబురు, తాత్కాలిక క్లియరెన్స్ ఇవ్వలేదని. ఇది తిరస్కారం కాదు, పూర్తి విచారణ అయ్యేదాకా ఆగమని అర్థం. దీనిమీద అప్పీలు ఉండదు. సంస్థ నన్ను రహస్య సమాచారంతో సంబంధం లేని పనిలో కూర్చోబెట్టింది. అందరికీ ఇలాంటి పని దొరకదు, ఆగమని చెప్పి ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భాలు తెలుసు. అందువల్ల పాత ఉద్యోగానికి రాజీనామా చేసే ముందే, క్లియరెన్స్ ఆలస్యమైతే ఏం చేస్తారని అడిగి తెలుసుకోవడం మంచిది.

తర్వాత ఇన్వెస్టిగేటర్ ఫోన్ చేశారు. ఆవిడ వయసులో నాకంటే చిన్న, మాట నెమ్మది. బ్యాడ్జి చూపించి, ప్రమాణం చేయించి, ఫారం మొత్తం మొదటి నుంచి వరుసగా నడిపారు. 23వ విభాగం దగ్గర బాగా ఆగారు. ఎవరు చెప్పారు, ఎవరితో వెళ్లారు, ఎవరి ఎదుట తిన్నారు, తిన్న రాత్రి కారు నడిపారా, పిల్లలకు అందేలా పెట్టారా, ఎవరికైనా ఇచ్చారా, డబ్బా రాష్ట్రం దాటించారా. ఒకే విషయాన్ని మాట మార్చి మళ్లీ అడిగారు. ఆమె తీర్పు చెప్పేవారు కాదు, విన్నది నివేదికగా రాసేవారు మాత్రమే. అందుకని సమర్థించుకోవడం మానేసి అడిగినదానికి జవాబు చెప్పడమే పనిగా పెట్టుకున్నాను. నేను సిద్ధపడని ప్రశ్న ఒక్కటి వచ్చింది. ఇది మీ వాళ్లలో ఎవరెవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదనుకుంటున్నారు? మా వారికీ పెద్దమ్మాయికీ తెలుసు, తెనాలిలో ఉన్న మా అమ్మకు తెలియదు అన్నాను. మీ అమ్మగారికి చెబుతామని ఎవరైనా బెదిరిస్తే మీరు ఏం చేస్తారు అని అడిగారు. దాచిన విషయం ఏదైనా విదేశీయుల చేతిలో పట్టుగా మారుతుందా అన్నది గైడ్‌లైన్ ఇ చూసే అంశాల్లో ఒకటి. నేనే చెప్పేస్తాను అన్నాను. అన్నాక, ఇంతవరకు ఎందుకు చెప్పలేదన్న ఆలోచన వచ్చింది.

మన దగ్గర గంజాయి అంటే చింతపల్లి, సీలేరు వైపు నుంచి లారీల్లో తరలిస్తుంటే పోలీసులు పట్టుకున్న వార్త. అమ్మ రోజూ టీవీలో చూసేది అదే. ఆ మాట నా నోటి నుంచి వింటే ఆవిడ ఎలా తీసుకుంటుందోనన్న భయంతోనే దాచాను. ఆ రాత్రి, అక్కడ ఉదయం అమ్మ పూజ ముగించుకుని వచ్చే వేళకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అమ్మ గంజాయి మాటను పట్టించుకోలేదు. "రాత్రుళ్లు నిద్ర లేనంత నొప్పి పడ్డావా? ఆర్నెల్లు నాతో రోజూ మాట్లాడుతూ ఒక్కనాడన్నా చెప్పలేదేమే?" అంది. తర్వాత, "అడిగినవాళ్లకు ఉన్నది చెప్పావుగా, ఇంక నాకేం చెబుతారు వాళ్లు" అంది. ఆవిడకు భద్రతా నిబంధనల గురించి ఏమీ తెలియకపోయినా, ఇన్వెస్టిగేటర్ అడిగిన ప్రశ్నకు కావలసిన జవాబు సరిగ్గా అదే.

చాలా రోజుల నిశ్శబ్దం తర్వాత తీర్పు చెప్పే విభాగం నుంచి రాతపూర్వక ప్రశ్నల కట్ట వచ్చింది. ఇంటర్వ్యూ నివేదికలో నేను చెప్పినదాన్ని సరిగా రాశారో లేదో సరిచూడమన్నారు. సంతకం చేసిన తర్వాత మళ్లీ వాడానా, వాడేవాళ్లతో తిరుగుతున్నానా అని అడిగారు. నివేదికలో ఒక చోట గమ్మీలు సరదా కోసం అన్నట్టుగా ఉంటే, నొప్పికి, నిద్రకు అని సరిదిద్దాను. అంతమాత్రాన అది చట్టబద్ధమైన వైద్యం అయిపోదని కూడా నేనే రాశాను. డాక్టర్లు గంజాయిని సిఫారసు చేయగలరు గానీ ఫెడరల్ చట్టం కింద మందుల చీటీ రాయలేరు, పైగా నాకు ఆ సిఫారసు కూడా లేదు. పాత ఆఫీసు పెద్దావిడతో స్నేహం ఉంది, ఆవిడ వాడే సమయంలో నేను అక్కడ ఉండను అని రాశాను. అమ్మకు చెప్పిన సంగతి కూడా రాశాను. నా డాక్టర్ ఉత్తరం, నేనే డబ్బు కట్టి చేయించుకున్న పరీక్ష ఫలితాలు, ఇద్దరు పై అధికారుల ఉత్తరాలు జతచేశాను. వాటితో పాటు గైడ్‌లైన్ హెచ్‌లో పేర్కొన్న హామీ పత్రం ఒకటి సొంతంగా తయారుచేసి నోటరీ ముందు సంతకం పెట్టాను. ఇకపై ఏ మాదకద్రవ్యం జోలికీ వెళ్లనని, వెళితే అది క్లియరెన్స్ రద్దుకు కారణమవుతుందని ఒప్పుకుంటున్నానని దాని సారాంశం. ఎవరూ అడిగేదాకా ఆగకుండా ఇచ్చినందుకు దానికి విలువ ఎక్కువని నేను నమ్ముతున్నాను.

వాళ్లకు తృప్తి కలగకపోతే ఆరోపణలు వివరిస్తూ నోటీసు పంపేవారు. దానికి ఇరవై రోజుల్లో జవాబివ్వాలి, డోహా న్యాయమూర్తి ఎదుట విచారణ కోరవచ్చు. నా కేసు అక్కడిదాకా పోలేదు. 2023లో ఒక ఉదయం ఎఫ్‌ఎస్‌ఓ పిలిచి క్లియరెన్స్ వచ్చిందని చెప్పారు. రహస్యాలు బయటపెట్టనన్న ఎస్‌ఎఫ్-312 ఒప్పందం మీద సంతకం చేశాను. ఆ తర్వాత కథ ముగియదు. ఇప్పుడు నిరంతర పరిశీలన ఉంది, ఇండియా వెళ్లే ముందు ప్రయాణ వివరాలు తెలియజేయాలి. ఇంకొక్క గమ్మీ తింటే మొదటిసారి దొరికిన మన్నింపు దొరకదు, ఎందుకంటే క్లియరెన్స్ ఉండగా వాడటం వేరే అభ్యంతరం. 2024 మేలో న్యాయశాఖ గంజాయిని షెడ్యూల్ 1 కంటే నియంత్రణ తక్కువైన షెడ్యూల్ 3కు మార్చాలని ప్రతిపాదించినప్పుడు చాలామంది ఇక ఇబ్బంది లేదన్నారు. షెడ్యూల్ 3 మందును కూడా డాక్టర్ చీటీ లేకుండా వాడితే చట్టవిరుద్ధమే. అందువల్ల దుకాణంలో కొన్న గమ్మీ సంగతి ఆ మార్పుతో తేలిపోదు.

మొదట్లో సంవత్సరాలు ఎందుకు చెప్పానో ఇప్పుడు చెప్పాలి. నేను గంజాయి వాడింది పౌరసత్వం వచ్చిన ఆరేళ్ల తర్వాత. నా కథ చదివి గ్రీన్‌కార్డు మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్న పిల్లలు తమకూ ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు. పౌరులు కానివాళ్లకు అది క్లియరెన్స్ సమస్య కాదు, దేశంలో ఉండగలగడం అన్న సమస్య. రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకాన్ని ఒప్పుకోవడం పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిబంధనకు అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో లిఖితపూర్వకంగా ప్రకటించింది. గంజాయి దుకాణాల్లో, తోటల్లో ఉద్యోగం చేయడం కూడా అందులోకే వస్తుంది. విమానాశ్రయంలో అధికారి ముందు వాడానని ఒప్పుకున్నా దేశంలోకి ప్రవేశం ప్రశ్నార్థకమవుతుంది. అలాంటివాళ్లు ఒక్కసారి వాడి ఉన్నా సరే, పౌరసత్వ ఫారం నింపే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. అక్కడా అబద్ధం చెప్పమని నేను అనను, అది ఇంకా పెద్ద ప్రమాదం. ఏ ప్రశ్నకు ఏ పర్యవసానం ఉందో తెలుసుకుని, ఇంకా వాడి ఉండకపోతే పౌరసత్వం వచ్చేదాకా ఆ దుకాణం మెట్లు ఎక్కకుండా ఉండమని మాత్రం చెబుతాను. మా అరోరాలో చదువుకోవడానికి వచ్చే పిల్లలు బంధువుల ద్వారా మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు బస్సు పాస్ గురించి, బ్యాంకు ఖాతా గురించి చెప్పే రోజునే ఈ మాట కూడా చెప్పి పంపుతున్నాను.